కనకాంబరమునకు కాయ సాక్షి

పెద్దాపురములోని మా పెరటికి ఢిల్లీ కనకాంబరమని చీటి కట్టిన పది మొక్కలు తెచ్చితిమి. అమ్మినవారి పేరు ఇప్పుడక్కరలేదు. పూలు కట్టి జీవించు మా పొరుగావిడ అర ఎకరమున నాటుటకు మా కొమ్మలనే అడిగినది. ఇచ్చుటకు ముందు, నాలుగు మొక్కలపై మాకు సందేహము కలిగెను.

ఢిల్లీ రకపు పువ్వు ముదురు నారింజ వన్నె కలిగి, పెద్దదిగా నుండును. కాని రంగు ఒక్కొక్క కంటికి ఒక్కొక్క తీరుగా తోచును. కావున పూలు రాలిన వెన్నులను పరిశీలించితిమి. నాటు కనకాంబరము కాయలు కట్టును. ఎండిన కాయ తడి తగిలినంతనే టప్పున పగిలి గింజలను చిమ్మును. పిల్లలకది యెంత వేడుకయో! ఢిల్లీ రకమునందు క్రోమోజోములు మూడేసి చొప్పున, బేసిగా, నుండుటచే గింజ కట్టదు. కొమ్మలు నాటియే దానిని పెంచవలెను. ఢిల్లీ కనకాంబరపు విత్తనములని యెవరైన అమ్మజూపినచో కొనకుడు.

మా నాలుగు మొక్కలకును కాయలు కనబడినవి. వానిని పెరికివేయలేదు, దండకవియు పనికివచ్చును. చీటీలు మార్చి, తక్కిన ఆరింటి కొమ్మలను మాత్రమే పొరుగావిడకు కోసి యిచ్చితిమి.