రాయలసీమ రాష్ట్రం – సుగ్గికి పోయే స్త్రీలు అడగవలసిన లెక్క

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాయలసీమ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రాష్ట్రం కావాలా, వద్దా అనే ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉంది. ఈ చర్చ ఎవరెవరి మధ్య జరుగుతోంది? అందులో ఈ పల్లెల స్త్రీల బతుకు ఎక్కడుంది?

మీ ఊళ్ళకు సరిహద్దులు మారడం కొత్త కాదు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. ఆదోని చాలాకాలం బళ్ళారి జిల్లాలో తాలూకాగా ఉండింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. కర్నూలు రాజధాని అయింది. 1956లో ఆ రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. 2013లో కర్నూలు, అనంతపురం జిల్లాలను తెలంగాణలో కలిపి ‘రాయల తెలంగాణ’ చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం చేశారు, 2021లో దాన్ని రద్దు చేశారు. ఇన్ని మార్పుల్లో ఒక్కటి కూడా ఇక్కడి ప్రజలను ఓటు అడిగి చేసింది కాదు. రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. 2014 జనవరిలో శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది.

అదే సంవత్సరం సెప్టెంబర్ 18న బ్రిటన్‌లోని స్కాట్లండ్ ప్రజలు, తాము వేరే దేశం కావాలా అనే ప్రశ్నపై ఓటు వేశారు. పదహారేళ్ళ పిల్లలకు కూడా ఓటు ఇచ్చారు. 84 శాతానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు. 55 శాతం వద్దన్నారు, 45 శాతం కావాలన్నారు. వేరే దేశం కావడం, దేశంలోపలే వేరే రాష్ట్రం కావడం ఒకటి కాదని నాకు తెలుసు. అయినా అక్కడి చర్చ నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. డబ్బు ఏ కరెన్సీలో ఉంటుంది, అప్పులో వాటా ఎంత, సముద్రంలోని చమురు ఆదాయం ఎన్నాళ్ళు వస్తుంది, పెన్షన్లు ఎవరు ఇస్తారు అని రెండేళ్ళపాటు ఊరూరా వాదించుకున్నారు. ఓటింగు అయిన కొద్ది నెలలకే చమురు ధర సగానికి పడిపోయింది. లెక్కలు అడిగినవాళ్ళు ఊరికే అడగలేదని తేలింది.

అక్కడ స్త్రీలలో ‘వద్దు’ అనేవారు ఎక్కువని సర్వేలు చెప్పాయి. ఆడవాళ్ళు భయస్థులు అని కొందరు వ్యాఖ్యానించారు. కానీ ‘విమెన్ ఫర్ ఇండిపెండెన్స్’ వంటి సంస్థలు ఊరూరా తిరిగి స్త్రీల ప్రశ్నలు విన్నాయి. కొత్త దేశపు ప్రణాళికలో పసిపిల్లల సంరక్షణ ఒక ప్రధాన వాగ్దానమైంది. స్త్రీలు అడిగితే రాజ్యం చర్చ ఇంటి లోపలికి వస్తుంది.

మన చర్చలో ఆ పని జరగలేదు. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళు లేదా అవసరమైనన్నాళ్ళు సీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో సీమవాసులే ఎంచుకోవచ్చన్నారు. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య మరో ఒప్పందం జరిగింది. దాని పేరే పెద్దమనుషుల ఒప్పందం. సంతకాలు పెట్టిన ఎనిమిది మందీ పురుషులే. ఈ రెండు ఒప్పందాలకూ చట్టబద్ధత లేదు. మాట తప్పితే ఎక్కడ అడగాలో వాటిలో రాయలేదు. 2014లో బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ ఇస్తామని ప్రధానమంత్రి రాజ్యసభలో చెప్పిన మాట కూడా ఆ కోవలోనిదే.

ఇక ఆర్థిక విషయాలు. సీమ రాష్ట్రమైతే నీళ్ళు వస్తాయా? ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీళ్ళిచ్చే తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలో, హోస్పేట దగ్గర మొదలవుతుంది. ఈ కాలువలో మన వాటా 24 టి.ఎం.సి.లు. డ్యాములో పూడిక చేరి నిల్వ 133 టి.ఎం.సి.ల నుంచి 105కు తగ్గింది. పైన కొల్లగొట్టగా మిగిలిందే చివరి భూములకు అందుతుంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎన్ని నీళ్ళు వృథాగా పోయాయో చూశాం. కొత్త రాష్ట్రం వచ్చినా కాలువ మొదలు మన చేతికి రాదు. అయితే నీటి పంపకాల బల్ల దగ్గర డెల్టా ప్రయోజనాలకు లోబడని ఒక గొంతు మనకు ఉంటుంది. ఇది రాష్ట్రం కోరేవారి బలమైన వాదన. అప్పు సంగతి రెండోది. 2014లో అప్పులు జనాభా నిష్పత్తిలో, 58.32, 41.68 శాతాలుగా పంచారు, ఆదాయం ఇచ్చే హైదరాబాదు మాత్రం ఒకవైపే మిగిలింది. రేపు అమరావతి కోసం చేసిన అప్పులో సీమ వాటా ఎంత? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పుడే అడగాలి.

మూడోది ఏ సభలోనూ వినబడని ప్రశ్న. కోసిగి, మంత్రాలయం, ఆలూరు, ఆదోని పల్లెల నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగుళూరు కట్టడాలకు. పిల్లల బడి ఆగిపోతుంది, ముసలివాళ్ళు ఊళ్ళో మిగులుతారు. గర్భిణి అంగన్‌వాడీకి దూరమవుతుంది. 2014 దాకా పాలమూరు వైపు పత్తి తీయడానికి పోయిన స్త్రీ సొంత రాష్ట్రంలోనే ఉండేది. ఒక రాత్రిలో ఆమె పరరాష్ట్ర కూలీ అయింది. సీమ విడిపోతే గుంటూరు కూడా ఆమెకు పరరాష్ట్రమే. అప్పుడు రేషను, ఆసుపత్రి కార్డు, కాన్పు ఎక్కడ? రాష్ట్రం దాటే కూలీలకు 1979లో చేసిన చట్టం ఐదుగురు కూలీలున్న చోట వర్తించేది. దాన్ని కలుపుకున్న 2020 నాటి కార్మిక కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. మేస్త్రీ వెంట నలుగురైదుగురుగా పోయే ఆడవాళ్ళకు ఏ రక్షణ మిగిలింది?

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం సీమకు గర్వకారణం. అటువంటి ఊరిలో కూడా కండెలు చుట్టే, ఆసు పోసే స్త్రీ శ్రమ నేతగాని కూలిలోనే కలిసిపోతుంది. ఆమెను విడిగా నేతకార్మికురాలిగా లెక్కించని రాష్ట్రం ఎంత చిన్నదైనా ఆమెకు దూరమే.

కాబట్టి ప్రత్యేక రాష్ట్రం కోరేవారు వచ్చినా, సమైక్యత కోరేవారు వచ్చినా మనం అవే ప్రశ్నలు వేయాలి. చివరి భూమికి నీళ్ళిచ్చే హామీ చట్టంలో ఉంటుందా? సుగ్గికి పోయే కుటుంబానికి సరిహద్దుకు రెండు వైపులా రేషను, బడి, వైద్యం అందేలా రెండు ప్రభుత్వాలు రాసిస్తాయా? ఒప్పందం రాసే కమిటీలో సగం మంది స్త్రీలు ఉంటారా? మాట తప్పితే ఏ కోర్టుకు పోవాలి?

సుగ్గికి పోయినవాళ్ళు తిరిగి వచ్చే రోజుల్లో గ్రామసభ పెట్టించండి. ఈ ప్రశ్నలు అక్కడ చదివి, వాళ్ళు చెప్పిన మార్పులు చేర్చి, తీర్మానం రాయించండి. ఆ తీర్మానాల కాగితాలు చేతిలో ఉంటే, ఈసారి పెద్దమనుషులు కూర్చున్న చోటికి మనం పిలవకపోయినా పోవచ్చు.