చేపల గదిలో పడకగది

మన ఐరాలకు సముద్రం దూరమే. బాహుదాలో నీళ్లు పారితేనే మనకు పండగ. అయినా ఇవాళ ఓడ ముచ్చట.

1955లో స్కాట్లాండులోని అబెర్డీన్‌లో 'సర్ విలియం హార్డీ' అనే ట్రాలర్, అంటే వల ఈడ్చుకెళ్లే చేపల ఓడ, కట్టారు, చేపల పరిశోధనకు. 1978లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు దాన్ని బాగుచేసి, 'రెయిన్‌బో వారియర్' అని పేరు మార్చి, తిమింగలాల వేటను అడ్డుకోడానికి పంపారు. 1985లో తెరచాపలు కూడా బిగించారు. అదే ఏడు జులై 10న ఆక్లాండ్ రేవులో ఫ్రెంచి గూఢచారులు బాంబులు పెట్టి ముంచేశారు. అది వేరే కథ.

పాత ట్రాలర్‌నే యాత్రల ఓడగా ఎందుకు మారుస్తారు? తుఫానుకు తట్టుకునే గట్టి ఒళ్లు, పెద్ద డీజిల్ ట్యాంకులు. చేపలు నింపే గదిని పడకగదులు చేస్తారు. వాసన మాత్రం అంత సులువుగా వదలదు!

అసలు చిక్కు బరువుది. అడుగున చేపల బరువు పోయి, పైన కొత్త గదులు లేస్తే ఓడ ఊగిపోతుంది. అందుకే అడుగున ఇనుమో సిమెంటో వేస్తారు. తర్వాత ఓడ నిలకడ తేల్చుకోడానికి డెక్కు మీద కొలిచిన బరువును ఒక పక్కకు జరిపి, లోపల వేలాడదీసిన గుండు ఎంత జరిగిందో స్కేలు మీద చూస్తారు. మన మేస్త్రీ గోడకు పట్టే తూకంగుండు లాంటిదే.