నోరు తెరవడానికి సిగ్గెందుకు?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. మేము మాత్రం ఈవేళ పళ్ళ గురించి మాట్లాడదలచాము. విషయం ఏమిటని కార్యదర్శి గారు అడిగితే చెప్పాము. ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చూశాక, ఎంచుకున్న విషయం సరైనదేనని మాకు రూఢి అయింది. ఆయన అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాము, కోప్పడరు.

ముందు మా సంగతే మనవి చేసుకుంటాము. పదహారు సంవత్సరాల పాటు మేము పళ్ళ డాక్టరు గడప తొక్కలేదు. మొదట్లో తీరిక లేక మానేశాము. ఎడమవైపు దవడ పన్ను పిప్పి పట్టింది. లవంగం పెట్టి నొక్కుకున్నాము, తగ్గింది. మళ్ళీ వచ్చింది. మందుల షాపులో బిళ్ళలు కొని మింగాము, తగ్గింది. రంజాన్ వెళ్ళాక చూద్దాం అనుకున్నాము. రంజాన్ వెళితే బక్రీద్, బక్రీద్ వెళితే పెద్దమ్మాయి నికా. ఇలా ఏళ్ళు గడిచేసరికి అడ్డు తీరిక కాదు, సిగ్గు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అని డాక్టరు అడిగితే ఏమని చెప్పాలి? జర్దా కిళ్ళీలతో గారపట్టిన ఈ పళ్ళు పరాయివాళ్ళకు ఎలా చూపించాలి? ఆలస్యమైన కొద్దీ సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగిన కొద్దీ ఆలస్యమయింది. బాకీ పడినవాడు షావుకారు వీధి తప్పించుకుని చుట్టు తిరిగి పోయినట్లు, మేము పళ్ళ ఆసుపత్రి ఉన్న రోడ్డే తప్పించుకుని తిరిగాము.

పెద్దమ్మాయి నికా ఫోటోలలో ఒక్కదాంట్లోనూ మేము నవ్వలేదు. పెదవులు బిగబట్టి నిలబడ్డాము. మొన్నామధ్య మనవరాలు ఆల్బం తిరగేస్తూ, "నానా, అమ్మ పెళ్ళినాడు నీకు ఎవరి మీద కోపం వచ్చింది?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

ఇక్కడివరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ నవ్వుకోవడానికి వీల్లేని సంగతి ఒకటి మా ఇంట్లోనే జరిగింది. మా భాయిజాన్‌కు ముప్పై ఏళ్ళుగా జర్దా అలవాటు. బుగ్గ లోపల ఒక పుండు లేచింది. నొప్పి లేదు గనుక పట్టించుకోలేదు. నెల అయింది, రెండు నెలలయింది. వదినగారు పోరగా పోరగా ఒకనాడు ఆసుపత్రి వరకు వెళ్ళి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశారు. "ఈ నోరు తెరిస్తే డాక్టరు అసహ్యించుకుంటాడు, ముందు పళ్ళు కాస్త బాగుచేయించుకుని పోతాను" అన్నారట. చూడండి, పళ్ళు బాగుచేసే చోటికి పళ్ళు బాగయ్యాక వెళదామనుకున్నారు! ఆరో నెలలో వెళితే కేన్సర్ అన్నారు. దవడ ఎముక కొంత భాగం తీసివేయవలసి వచ్చింది. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది. ఇప్పుడు జావ, పాలు, పలచని గంజి, అంతే. నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు. ఒకనాడు మెల్లగా మాతో ఏమన్నారంటే, "తమ్ముడూ, తెరవగలిగిన రోజుల్లో సిగ్గుపడ్డాను. ఇప్పుడు తెరుద్దామంటే తెరుచుకోదు."

ఆ మాట విన్న నాలుగో రోజున మేము బయలుదేరాము.

దారి పొడుగునా డాక్టరుకు చెప్పవలసిన సాకులు వల్లె వేసుకుంటూ వెళ్ళాము. తీరా కుర్చీలో కూర్చున్నాక అన్నీ మరచిపోయి, "అమ్మా, పదహారేళ్ళయింది. చూపించాలంటే సిగ్గుగా ఉంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాము. ఆ డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. "ఇవాళ వచ్చారు కదండీ, అది చాలు. నోరు తెరవండి" అంది. అంతే. పదహారేళ్ళు భయపడిన ఘడియ అర నిమిషంలో అయిపోయింది. లెక్క తేలింది: రెండు పళ్ళు తీసివేయాలి, ఒకదానికి రూట్ కెనాల్, నాలుగు ఫిల్లింగులు, గార తీయడం. ఏడుసార్లు తిరిగాము. మొదటి రెండేళ్ళలోనే వెళ్ళి ఉంటే ఒక్క ఫిల్లింగుతో పోయేదట. సిగ్గుకు మేము చెల్లించిన మూల్యం అది.

పళ్ళు పాడవడం నేరం కాదని అక్కడే తెలుసుకున్నాము. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మక్రిములు పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పంటి మీది గట్టి పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అదే పిప్పి. పళ్ళ మీద పాచి నిలిచిపోయి గట్టిపడితే గార అవుతుంది. గార ఒకసారి గట్టిపడ్డాక ఎంత తోమినా బ్రష్షుకు లొంగదు, పనిముట్టుతో తీయవలసిందే. గార తీస్తే పళ్ళు కదులుతాయని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. నిజం అందుకు తలకిందులు. గార వల్లనే చిగుళ్ళు వాచి, రక్తం కారి, పన్ను పట్టు సడలుతుంది. షుగరు ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడమూ కష్టమవుతుంది.

ఇక కొందరు తమ తప్పు ఇసుమంతైనా లేకుండానే సిగ్గుపడుతున్నారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనలో ఉన్నాయి. బావి నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల చిన్ననాడే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. నేటి ప్రకాశం జిల్లాలో చేరిన పల్లెలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1937లోనే ఈ జబ్బును గురించి వైద్యులు రాశారు. అది నీళ్ళ దోషం, మనిషి దోషం కాదు. ఆ పిల్లలను "పళ్ళు తోముకోవా?" అని ఎద్దేవా చేయకండి.

పంటి శుభ్రత మనకు కొత్తగా ఎవరో నేర్పవలసింది కాదు. మిస్వాక్ వాడటం సున్నత్ అని చిన్నప్పటి నుంచి వింటున్నాము. స్పెయిన్‌లోని కొర్దోవా ప్రాంతపు వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, 1013 ప్రాంతంలో గతించినవాడు, తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో పళ్ళ గార గీకే పనిముట్లను వర్ణించాడు, కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టే విధానం రాశాడు. మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అలీగఢ్‌లో చదివి, అమెరికాలో దంత వైద్యం నేర్చి తిరిగివచ్చారు. 1964లో పద్మభూషణ్ పొందారు. ఇటువంటివారి వారసులమైన మనం పళ్ళ డాక్టరు పేరెత్తితే తలుపు చాటుకు పోవడం ఏం బాగుంటుంది?

నొప్పి సంగతి కూడా చెప్పాలి. 1846లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స సాధ్యమేనని అమెరికాలో బహిరంగంగా చూపిన మోర్టన్ పళ్ళ డాక్టరే. చిగురుకు సూదితో ఇచ్చే లిగ్నోకెయిన్ మందును 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. మాకు రెండు పళ్ళు తీసినప్పుడు సూది చురుక్కుమంది, తర్వాత లాగినట్టు తెలిసిందే గాని నొప్పి తెలియలేదు.

అనుభవం మీద నాలుగు మాటలు చెబుతాము. మొదటిది, వెళ్ళగానే "చాలా ఏళ్ళయింది, భయంగా ఉంది, సిగ్గుగా ఉంది" అని మీరే ముందు చెప్పేయండి. దాచినంతసేపే అది బరువు. రెండవది, మొదటి రోజు పరీక్ష మాత్రమే చేయమని అడగండి, అందులో తప్పు లేదు. మూడవది, ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి. నాలుగవది, ఏది ముందు చేయాలి, ఏది ఆగుతుంది, దేనికి ఎంత అవుతుంది అని కాగితం మీద రాయించుకోండి. సిగ్గు వెనుక చాలాసార్లు ఖర్చు భయం దాక్కుని ఉంటుంది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. సామాన్యుడు అక్కడికి ధైర్యంగా వెళ్ళవచ్చు.

అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. మగ డాక్టరు ముందు నోరు తెరవడం ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టరు ఉన్నచోట అడిగి వెళ్ళండి, తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి. ఈనాడు దంత వైద్యం చదివే ఆడపిల్లలు కోకొల్లలు. నిఖాబ్ చాటున నొప్పి దాచుకుని ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, మీరు మాత్రం మెత్తటి అన్నం ఒకవైపున నమిలి లేవడం ఇకనైనా చాలించండి.

జర్దా, ఖైనీ, గుట్కా అలవాటున్న సోదరులారా, మానగలిగితే మేలు, మేమైతే మానేశాము. కానీ మానేదాకా ఆగి అప్పుడు వెళదామనుకోవద్దు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించండి. ఆలోచించే వ్యవధి తీసుకోవద్దు.

చివరిగా ఒక చిన్న ప్రతిపాదన. సిగ్గు ఒంటరివాణ్ణే ఎక్కువ బాధిస్తుంది. ఇద్దరు కలిసి వెళితే సగం పోతుంది. అందుచేత మన సభ్యులు ఇద్దరిద్దరుగా జోడీ కట్టి వెళ్ళాలని కోరుతున్నాము. పేర్లు బయటపెట్టవలసిన పని లేదు, కార్యాలయంలో చెవిలో చెబితే చాలు. తోడు దొరకనివారికి మేమే తోడు వస్తాము. ఆ వరండాలో బెంచీ మీద కూర్చోవడం మాకిప్పుడు బాగా అలవాటైపోయింది.

పోయిన నెల చిన్నమ్మాయి నికా జరిగింది. ఫోటోలు వచ్చాయి. మనవరాలు చూసి, "నానా, ఇందులో నీ పళ్ళన్నీ కనిపిస్తున్నాయి" అంది. రెండు తక్కువేననుకోండి, ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.