రూపమును సరిదిద్దు శస్త్రవిద్య

(పెద్దవూర గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



అష్టావక్రుని కథ ఎరుగనివారు అరుదు. ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బాలుడు జనకుని సభలో వంది యను పండితుని వాదమున జయించి, నీట ముంచబడిన తండ్రిని తిరిగి తెచ్చుకొనెను. కథ అంతటితో ముగియలేదు. పిమ్మట తండ్రి యాజ్ఞచే సమంగా నదిలో మునుగగా అతని యవయవములన్నియు చక్కనయ్యెనని భారతారణ్యపర్వము చెప్పుచున్నది. భాగవత దశమస్కంధమున కుబ్జ కథయు ఇట్టిదే. శ్రీకృష్ణుడు ఆమె పాదములపై తన పాదము మోపి, గడ్డము క్రింద వ్రేళ్ళుంచి పైకెత్తగా ఆమె గూని తొలగెను. శరీరము వంకరయైనంత మాత్రమున మనుష్యుని తక్కువగా చూడరాదు. అయినను ఆ వంకరను తీర్చుకొన గోరుట తప్పు కాదు. నేడు ప్లాస్టిక్ సర్జరీ యని పిలువబడు శస్త్రవిద్యను గూర్చి యోచించునపుడు ఈ రెండు మాటలును జ్ఞాపకముంచుకొనదగినవి.

ప్లాస్టిక్ అనగానే బిందెలును సంచులును గుర్తునకు వచ్చి, ఆ పదార్థమునే ముఖమునకు అతికెదరని భ్రమపడువారు కలరు. మట్టిని మలచినట్లు మలచుట యను అర్థము గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. రోగి శరీరముననే యొకచోటి చర్మమునో, కండనో, ఎముకనో తీసి వేరొకచోట అమర్చుట ఈ విద్యకు ప్రధానము. సిలికాను వంటి కృత్రిమ వస్తువులను కొన్ని చికిత్సలలో మాత్రమే వాడుదురు.

ఈ విద్య పరదేశమున పుట్టినది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానమున పదునారవ అధ్యాయము తెగిన చెవితమ్మెలను అతుకుటకు పదునైదు విధములను చెప్పి, పిదప ముక్కును, పెదవిని బాగుచేయు రీతిని వివరించుచున్నది. తెగిన ముక్కు కొలతకు ఒక ఆకును తెచ్చి, అంత చర్మమును చెక్కిలి నుండి కోసి, ఒక వైపు చెక్కిలిని అంటియుండగనే గీరిన ముక్కుపై కప్పి కట్టవలెను. ఊపిరి యాడుటకు రెండు గొట్టములుంచి, యష్టిమధుకము మొదలగు వాని చూర్ణము చల్లి, దూది కప్పి, నువ్వులనూనెతో తడుపవలెను. చర్మమును పూర్తిగా తెగగోయకుండుటలోనే మర్మమున్నది. ఆ యంటుకొనిన భాగము గుండ రక్తము పారి, క్రొత్తచోట చర్మమును బ్రతికించును.

ఈ పనితనము గ్రంథమున ఎట్లున్నను, లోకమున కొన్ని కుటుంబములవారి చేతులలో మాత్రమే నిలిచెను. టిప్పు సుల్తానుతో 1792లో జరిగిన యుద్ధమున ఇంగ్లీషువారి సైన్యమునకు బండ్లు తోలు కావస్జీ యనువాడు చెరపట్టబడి, ముక్కును ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాది గడచిన పిమ్మట పుణె ప్రాంతమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతని నుదుటి చర్మముతో క్రొత్త ముక్కును అమర్చెను. ఆ వృత్తాంతము 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్‌మన్స్ మాగజైను అను పత్రికలో చిత్రముతో సహా అచ్చుపడెను. దాని నాధారము చేసికొని జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు 1814లో లండనులో ఆ శస్త్రచికిత్స చేసి, 1816లో గ్రంథము ప్రకటించెను. తరతరములు కొలది ఇండ్లలో దాగిన విద్య, ఒక పత్రికలో అచ్చైన లేఖ వలన ఖండములు దాటెను. గ్రంథాలయ సభలో ఈ సంగతి చెప్పుకొనుట ఉచితమే. తరువాత మొదటి ప్రపంచయుద్ధమున ముఖములు ఛిద్రమైన సైనికులకై 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ప్రత్యేక వైద్యశాల వెలసెను. అచట హెరాల్డ్ గిల్లీస్ అను వైద్యుడు చేసిన కృషితో ఈ విద్య ఆధునిక రూపము దాల్చెను.

ఇట్టి విద్యకు పుట్టినిల్లయిన దేశమున, పెదవి చీలి పుట్టిన బిడ్డను నలుగురి కంటబడకుండ పెంచు ఇండ్లు నేటికిని ఉండుట విచారకరము. తెలుగున ఈ వైకల్యమునకు గల పేరే గ్రహణపు మొర్రి. గర్భిణి గ్రహణము చూచిన వేళ, కత్తిపీట పట్టిన వేళ బిడ్డకు ఈ లోపము కలుగునని నమ్మిక. ఆ పేరుతోనే నింద తల్లిపై పడుచున్నది. అత్తవారింట ఆమె విను మాటలకు అంతుండదు. వాస్తవమేమనగా, బిడ్డ పెదవి గర్భము ధరించిన నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపున కూడుకొనును. అప్పటికి తాను గర్భవతినని పెక్కుమంది స్త్రీలకు తెలియనే తెలియదు. నిండు నెలల గర్భిణి గ్రహణకాలమున చీకటి గదిలో కదలక పరుండినను, కూర తరిగినను, అప్పటికే యేర్పడిన పెదవి చీలదు, చీలినది కూడదు. వంశానుగత గుణము, పొగాకు, కొన్ని మందులు, మధుమేహము ఈ లోపమునకు తోడ్పడునని వైద్యులు కనుగొనిరి. పెక్కుచోట్ల ఇదియే కారణమని ఒకదానిని చూపుటకు వీలులేదు. సుమారు ఏడువందలు మొదలు వేయి జననములలో ఒక బిడ్డకు ఈ లోపము కలుగును. ఇందు తల్లి తప్పేమియు లేదు.

చీలిక అంగిలి వరకు ఉన్న బిడ్డ చన్ను చీకలేదు. అట్టి బిడ్డను నిటారుగా ఎత్తిపట్టి, పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పట్టవలెను. పెదవికి 3 మొదలు 6 నెలల మధ్యను, అంగిలికి 9 మొదలు 18 నెలల మధ్యను శస్త్రచికిత్స చేయుదురు. అంగిలిని సకాలమున మూయింపనిచో మాట ముక్కులో పలుకును, చెవులకు చీము పట్టును. ఆ పిల్లవాడు బడిలో నోరు విప్పుటకు జంకును. పెద్దయిన పిదప చేయించినను ముఖము చక్కబడును గాని, అలవాటైన పలుకు మారుట కష్టము. కావున పెండ్లినాటికి చూచుకొందమని వాయిదా వేయరాదు. శస్త్రచికిత్స తరువాత మాటలు నేర్పు శిక్షణయు అవసరము.

వ్యయమునకు వెరువనక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున ఈ చికిత్స చేర్చబడినది. 2013లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించి, ఇట్టి లోపము గలవారిని పై ఆసుపత్రులకు పంపుదురు. 1999లో స్థాపితమైన స్మైల్ ట్రెయిన్ అను సంస్థయు తన తోడి ఆసుపత్రుల ద్వారా ఉచితముగా చేయించుచున్నది.

ఇక కాలిన గాయముల సంగతి. వంటింటి మంటకును, కాగిన నీటికిని ఎక్కువగా గురియగువారు స్త్రీలును పిల్లలును. కాలిన వెంటనే గాయముపై చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయవలెను. సిరా, పసుపు, పండ్లపేస్టు పూయరాదు. లోతుగా కాలినచోట పుండు మానునపుడు చర్మము ముడుచుకొని, గడ్డము రొమ్మునకు అంటుకొనుట, మోచేయి చాపరాకుండుట, వ్రేళ్ళు కలిసిపోవుట జరుగును. పుండు మానినది కదా యని ఊరకుండుట వలననే ఈ యవస్థ కలుగుచున్నది. బద్దలు కట్టుట, అవయవమును ప్రతిదినము ఆడించుట మొదటి నుండియు సాగవలెను. ముడుత పడినను నిరాశ వలదు. దానిని విడదీసి, తొడ నుండి పలుచని చర్మము తీసి అతికింతురు. ఇదియు ఆరోగ్యశ్రీలో కలదు. హైదరాబాదు ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో 2021లో చర్మనిధి నెలకొల్పబడినది. మరణించినవారి నుండి బంధువుల సమ్మతితో తీసిన పలుచని చర్మపు పొర, విస్తారముగా కాలినవారి గాయములపై తాత్కాలికముగా కప్పబడి ప్రాణము నిలుపును. ఆమ్లదాడికి గురియైనవారికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నియు వెంటనే ఉచితముగా వైద్యము చేయవలెనని 2013 నాటి చట్టసవరణ విధించినది. 2024 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త సంహితలోను ఆ నిబంధన నిలిచియున్నది.

నల్లగొండ జిల్లావారికి గారపళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. సున్నమును పటికను కలిపి నీటి నుండి ఫ్లోరైడును తొలగించు విధానమునకు నల్లగొండ పద్ధతి యనియే పేరు. నాగపూరులోని నీరీ సంస్థ 1970వ దశకమున దానిని రూపొందించెను. గార పంటి పింగాణిలోనే యుండును గావున ఇటుకపొడితో తోమినను, ఆమ్లముతో కడిగినను పోదు సరికదా పన్ను అరుగును. దంతవైద్యులు తెలుపు చేయుటయో, పైన పలుచని పొర అమర్చుటయో చేయగలరు. కాని శాశ్వత దంతములు రూపుదాల్చు కాలమున, అనగా సుమారు 8 ఏండ్లు నిండువరకు, పిల్లలకు మంచినీరు దొరకుట అన్నిటికంటె ముఖ్యము.

లోపమేమియు లేకున్నను అందమునకై చేయించుకొను చికిత్సలు వేరు. ముక్కు తీరు మార్చుట, పొట్ట కొవ్వు తీయుట, బట్టతలపై వెండ్రుకలు నాటుట ఇట్టివి. ఇవి పాపములు కావు. అయితే వీనికి జమాఖర్చు వ్రాసి చూచుకొనవలెను. కొవ్వు తీయుట స్థూలకాయమునకు మందు కాదు. తిండియు నడకయు మారనిచో శరీరము మరల పెరుగును. మత్తుమందు, రక్తస్రావము, సూక్ష్మజీవుల వలన కలుగు అపాయములు ఇందును కలవు. 2016 ఏప్రిలులో హైదరాబాదున ఒక యువకుడు తలిదండ్రులకు తెలియకుండ, ఎత్తు పెరుగుటకై కాళ్ళ ఎముకలు కోయించుకొనగా రాష్ట్రమంతట చర్చ జరిగెను. కోసిన ఎముకను దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీయు ఈ పద్ధతిని రష్యా వైద్యుడు ఇలిజరోవ్ విరిగిన, పొట్టియైన కాళ్ళ వారికై కనిపెట్టెను. కుంటువానికి అది వరము. ఆరోగ్యవంతునికి నెలల తరబడి మంచము, నొప్పి, ఎముక అతుకునో లేదో యను భయము.

కావున అట్టి చికిత్సకు పోవువారు వైద్యునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. వంటి పట్టము కలదా, మత్తు ఇచ్చు నిపుణుడు దగ్గర నుండునా, అపాయము సంభవించిన ఆదుకొను ఏర్పాటు కలదా యని విచారింపవలెను. అన్నిటికంటె ముందు, ఈ కోరిక తనదా, ఎగతాళి చేసిన ఇతరులదా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. పెండ్లిచూపులలో రంగును ముక్కును తూచు పెద్దలు ఎగతాళి మానినచో పలువురికి ఈ ఖర్చు తప్పును.

ఈ రజతోత్సవ సమయమున పాఠక మహాశయులు ఒక పని పూనవలెనని ప్రార్థన. పొరుగింట మొర్రితో బిడ్డ పుట్టినదని వినినచో, గ్రహణము మాట ఎత్తక, ఆ తల్లికి ధైర్యము చెప్పి, ఉగ్గుగిన్నెతో పాలు పట్టు రీతి తెలిపి, ఆశా కార్యకర్తకు వార్త నందింపవలెను. బిడ్డకు మూడవ నెల రాకముందే ఆసుపత్రికి దారి చూపవలెను. కాలిన గాయముతో చేయి ముడుచుకొని ఇంట కూర్చున్న ఆడపడుచు ఎవరైన ఉన్నచో ఆమెకును ఇదే మాట చెప్పవలెను. చదివిన నలుగురు చదువని నలుబదిమందికి ఈ సంగతి చేరవేసిన, గ్రంథాలయము తన ఋణము తీర్చుకొన్నట్లగును. స్వస్తి.