కాలేజీలకు ఆన్‌లైన్ ఉపన్యాసాలు: మన పని ఎక్కడ మొదలవుతుంది?

(జిల్లాల నుంచి వచ్చిన మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘కళాశాలల్లో ఆన్‌లైన్ ప్రసంగాలు, కార్యశాలలు - అవకాశాలు, పరిమితులు’. ఈ అవకాశాలు, పరిమితులు అనే జంట మాటలు వింటే నాకు కొంచెం విసుగు. ప్రభుత్వ సెమినార్లలో కోళ్ల పెంపకం మొదలు రాజ్యాంగం దాకా దేనికైనా తగిలిస్తారు. అందుకని ఆ చట్రాన్ని పక్కనబెట్టి, 2020 నుంచి ఈ పని చేస్తూ నేను గమనించినవి, మీలో చాలామంది నాతో ఫోన్లలో చెప్పుకున్నవి మీ ముందుంచుతాను. స్త్రీల హక్కుల మీద, ముఖ్యంగా లైంగిక వేధింపుల మీద మనం కాలేజీలకు ఇస్తున్న ఉపన్యాసాల సంగతే మాట్లాడతాను. మిగతా వెబినార్ల గోల మనకొద్దు.

2020కి ముందు ఒక కాలేజీలో మాట్లాడటమంటే ఒక రోజు పని. తెల్లవారుజామున బస్సెక్కాలి, ప్రిన్సిపాల్ గదిలో టీ తాగాలి, జ్యోతి ప్రజ్వలన అయ్యేదాకా ఓపిక పట్టాలి, శాలువా కప్పించుకోవాలి. ఈ తతంగాన్ని మనమందరం ఎగతాళి చేసినవాళ్లమే. కానీ ఆ రోజులో ఉపన్యాసం కాని సమయం చాలా ఉండేది. సభ అయ్యాక నలుగురు అమ్మాయిలు మెట్ల దగ్గర నిలబడి, ‘నువ్వడుగు’ ‘నువ్వే అడుగు’ అని ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఉండేవాళ్లు. అసలు విషయం అక్కడ బయటికొచ్చేది. ల్యాబ్‌లో అవసరం లేకున్నా భుజం మీద చెయ్యేసే మాస్టారి గురించో, హాస్టల్ గేటు దగ్గర రోజూ కామెంట్లు చేసే వాచ్‌మన్ గురించో మైకు పట్టుకుని ఎవరూ చెప్పరు. ఒక కాలేజీలో గదులు ఊడ్చే ఆమె నా వెనకాలే బస్టాండు దాకా వచ్చి, ‘ఈ చట్టం మా అసుంటోళ్లకు గూడ వర్తిస్తదా మేడమ్?’ అని అడిగింది. వర్తిస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ, రోజు కూలికి పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. ఆమెను ఆ రోజు సభకు ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా ఆ ఆవరణలోనే ఉంది గనక విన్నది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక పాఠాలతోపాటు మన ఉపన్యాసాలూ జూమ్‌లోకి, గూగుల్ మీట్‌లోకి వెళ్లాయి. అప్పుడు వేరే దారి లేదు. ఇళ్లలో హింస పెరుగుతోందని తెలిసీ ఊరుకోలేం కదా. కాలేజీలు తెరిచాక మాత్రం ఆ అలవాటు అలాగే మిగిలిపోయింది. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. వక్తకు దారి ఖర్చులివ్వనక్కర్లేదు, హాలు అక్కర్లేదు, క్లాసులు పోవు. న్యాక్ గుర్తింపు కోసం ‘జెండర్ సమానత్వానికి మీరేం చేశారు’ అన్న ప్రశ్నకు జవాబు రాయాలి గనక తేదీ, లింకు, హాజరైనవారి సంఖ్య, నాలుగు స్క్రీన్‌షాట్లు ఫైలులోకి చేరతాయి. మార్చి 8కి ముందు వారంలో నాకొచ్చే ఆహ్వానాల సంఖ్య చూస్తే, ఆడవాళ్ల సమస్యలన్నీ ఆ వారంలోనే తీరిపోవాలన్నంత తొందర కనిపిస్తుంది.

ఇంతకీ మనల్ని పిలిచే ఈ బాధ్యత కాలేజీలకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో దయతలిస్తే వచ్చింది కాదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపే ప్రయత్నం చేసినందుకు 1992లో భన్వరీదేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేస్తూ, ఆ పనిలో భాగంగా దాడికి గురైంది. ఆ నేపథ్యంలో స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్తే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఆ తర్వాత పదహారేళ్లకు, 2013లో చట్టం వచ్చింది. ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ 2015 నిబంధనలు తెచ్చింది. ఈ నిబంధనలను మనం చదివినంత శ్రద్ధగా కాలేజీలు చదవవు. అంతర్గత కమిటీకి అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విషయం విద్యార్థులకు సంబంధించినదైతే ముగ్గురు విద్యార్థులు ఉండాలి, వాళ్లు ఎన్నికై రావాలి. మొత్తం సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి పాలనా పదవుల్లో ఉన్నవారు కమిటీలో ఉండకూడదు. అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా వేధింపులకు గురవుతారని ఆ నిబంధనలు గుర్తించాయి. అందరికీ అవగాహన కల్పించాలన్నది అందులో ఒక అంశం. ఒకే ఒక అంశం. తక్కువ ఖర్చుతో అయిపోయేది అదే గనక కాలేజీలు దాన్ని పట్టుకుని మిగతావి వదిలేశాయి. వక్త దొరికితే అవగాహన అయిపోతుంది. ఎన్నికైన విద్యార్థి సభ్యులు కావాలంటే ఎన్నిక పెట్టాలి.

ఇక తెర మీదికి వద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు స్త్రీలలో 33.3 శాతం, పురుషుల్లో 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత పరిస్థితి మారింది, పైగా కాలేజీ అమ్మాయిలు ఈ సగటు కన్నా ముందే ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ ‘వాడటం’ అనే మాట కింద ఫోను ఎవరిదన్న ప్రశ్న దాగిపోతుంది. మహిళా కళాశాలకు మాట్లాడుతున్నప్పుడు హాజరైనవారి పేర్ల పట్టిక ఒకసారి గమనించండి. వెంకటేశ్వర్లు, శ్రీనివాస్, రామిరెడ్డి, ఖాజా. అబ్బాయిలెవరూ లేని కాలేజీలో ఈ పేర్లేమిటి? నాన్న ఫోను, అన్న ఫోను. నాన్న పొలం నుంచో, షాపు నుంచో వచ్చాక ఫోను ఖాళీగా ఉంటే క్లాసు, లేకపోతే లేదు. ఆ ఫోనులో మనకు మెసేజి పెట్టిన అమ్మాయికి జవాబిస్తే, ఆ జవాబు ముందు చదివేది ఎవరు? ఇది మనం తప్పక వేసుకోవలసిన ప్రశ్న. ఒక అమ్మాయి ప్రశ్న అడిగి, వెంటనే ‘ఇప్పుడు రిప్లై పెట్టొద్దు మేడమ్, రేపు పదింటికి నేనే చేస్తా’ అని మరో మెసేజి పెట్టింది. భద్రత గురించి మనం చెప్పే పాఠం ఆ పిల్లకు ముందే తెలుసు.

రెండోది ఇల్లు. కాలేజీ హాల్లో కూర్చున్న అమ్మాయి రెండు గంటలపాటు ఇంటి చూపు నుంచి బయట ఉంటుంది. అదే మాటలు ఇంట్లో వింటున్నప్పుడు పక్కన అమ్మ చిక్కుళ్లు ఒలుస్తూ ఉంటుంది, తమ్ముడు టీవీ చూస్తూ ఉంటాడు. నేను ‘సమ్మతి’ అనే మాట ఎత్తగానే ఓ యాభైమంది మ్యూట్‌లో ఉండి కూడా సౌండ్ తగ్గించేస్తారని నా అనుమానం. ప్రేమ, కులాంతర వివాహం, ఇంట్లోనే జరిగే వేధింపు గురించి ఆ గదిలో ఎలా వింటారు? మన ఉపన్యాసం వల్ల చదువు మానిపిస్తారేమో అన్న భయం కొందరికి నిజంగానే ఉంది. ‘ఇలాంటివి చెప్పే కాలేజీకి పంపక్కర్లేదు’ అని ఒక తండ్రి అన్నట్టు ఓ లెక్చరర్ నాతో చెప్పింది. అలా అని అమ్మలను శత్రువుల్లా చూడలేం. ఒక వర్క్‌షాపులో గృహహింస చట్టం గురించి చెబుతుంటే, అమ్మాయి అడగాల్సిన ప్రశ్న వెనకనుంచి ఆమె తల్లి అడిగింది. ఇంటి నుంచి వెళ్లగొడితే ఆ ఇంట్లో ఉండే హక్కు తనకుందా అని. 2005 చట్టంలో నివాస హక్కు ఉందని చెప్పాను. ఆ సాయంత్రం మిగతా ఉపన్యాసమంతా ఆమె కోసమే చెప్పినట్టయింది. కాలేజీ హాలుకు ఆమె ఎన్నటికీ వచ్చేది కాదు.

ఇలాంటి లాభాలు ఇంకా ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. పెళ్లయి చంటిబిడ్డతో ఉన్న విద్యార్థిని వింటుంది. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మాయికి మూడో అంతస్తు సెమినార్ హాలు కన్నా ఇదే నయం. పేరు లేకుండా ప్రశ్న అడగొచ్చంటే, మైకు పట్టుకోని వాళ్లందరూ అడుగుతారు. అయితే ‘పేరు లేకుండా’ అన్నది నిజమేనా? చాట్‌లో రాసింది అందరికీ కనిపిస్తోందా, హోస్టుకు మాత్రమేనా? ఆ హోస్టు ఎవరు? చాలా కాలేజీల్లో కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ మాస్టారు. ఫిర్యాదు ఆయన మీదే అయితే? ప్రశ్నల కోసం పెట్టిన గూగుల్ ఫారంలో మొదటి గడి పేరు, రెండోది హాల్‌టికెట్ నంబరు. సర్టిఫికెట్ ఇవ్వాలి గనక తప్పదంటారు. సర్టిఫికెట్ ఫారం వేరు, ప్రశ్నల ఫారం వేరు చేయమంటే రెండు నిమిషాల పని, కానీ మనం అడిగేదాకా ఎవరికీ తోచదు.

రికార్డింగు సంగతి ఇంకా తీవ్రమైనది. చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షుల వివరాలు బయటపెట్టకూడదు. వర్క్‌షాపులో ఓ అమ్మాయి ఉద్వేగంలో తనకు జరిగింది చెప్పేస్తే, అది యూట్యూబ్ లైవ్‌లో వెళ్తుంటే, ఆ సెక్షన్ ఆమెకేం ఉపయోగం? ఆమె అప్పటికింకా ఫిర్యాదు కూడా చేయలేదు. నేను మాట్లాడిన గంట వరకు రికార్డు చేసుకోమంటాను, ప్రశ్నలు మొదలుకాగానే ఆపమంటాను. ఒక కాలేజీ యాజమాన్యం దీనికి ఒప్పుకోక కార్యక్రమమే రద్దు చేసుకుంది. చేసుకోనివ్వండి.

ఆన్‌లైన్ క్లాసులో జరిగే వేధింపు ‘క్యాంపస్’లో జరిగినట్టా, కాదా అని చాలామంది అడుగుతున్నారు. యూజీసీ నిబంధనల్లో క్యాంపస్ అంటే భవనాలే కాదు. హాస్టళ్లు, కాలేజీ బస్సులు, క్షేత్ర పర్యటనలు, ఇంటర్న్‌షిప్‌లు, ఆటలపోటీలు చెప్పి, విద్యార్థిగా పాల్గొనే ఇతర కార్యక్రమాలు కూడా అని ముగించారు. జూమ్ క్లాసుకు విద్యార్థిగా కాకపోతే ఇంకెలా హాజరవుతాం? కమిటీ దగ్గర ఈ వాదన గట్టిగా చేయండి. ఇంటర్నల్ మార్కులు చేతిలో పెట్టుకుని రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ‘ఇంకా నిద్రపోలేదా’ అని పెట్టే అధ్యాపకుడు కాలేజీ గేటు బయట ఉన్నానంటే కుదరదు.

ఇలాంటి మెసేజిల విషయంలో ఓ విద్యార్థిని నన్ను అడిగింది, ‘మూడు నెలలు దాటిపోయింది, ఇంక చెప్పకూడదా మేడమ్?’ అని. మూడు నెలల్లో చెప్పలేకపోవడానికి కారణాలుంటే, వాటిని రాసి నమోదు చేసి కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. పైగా మెసేజిలు వరుసగా వస్తుంటే చివరిది వచ్చిన రోజు నుంచి లెక్క. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పి, కమిటీ సభ్యుల పేర్లు కాలేజీ వెబ్‌సైట్‌లో చూశాను. అధ్యక్షురాలిగా ఉన్నావిడ పదవీ విరమణ చేసి ఏడాదిన్నర అయింది. బయటి సభ్యురాలి పేరు ఎదుట గీత ఉంది. అదే వెబ్‌సైట్‌లో, అదే ఏడాది జరిపిన నాలుగు జెండర్ వెబినార్ల ఫోటోలున్నాయి. ఒకదానిలో నేనూ ఉన్నాను.

అందుకే నా అభిప్రాయం ఇప్పుడిలా ఉంది. నాలుగువందల మంది విద్యార్థినులకు తెర మీద ఉపన్యాసం ఇవ్వడం మనం చేయగల పనుల్లో అన్నిటికన్నా బలహీనమైనది. ఆన్‌లైన్ నిజంగా పనికొచ్చేది కమిటీ సభ్యుల శిక్షణకు. ఆరేడుగురు, కెమెరాలు తెరిచి, వారానికి ఒకసారి, నాలుగు వారాలు. ఒక కల్పిత ఫిర్యాదు ఇచ్చి మొదటి రోజు నుంచి నివేదిక దాకా చేయించాలి. నోటీసు ఎలా రాయాలి, ప్రతివాదికి కాగితాలు ఎప్పుడివ్వాలి, సాక్షిని ఏ ప్రశ్నలు అడగకూడదు, తొంభై రోజుల్లో ఎలా ముగించాలి. ఇవి రాకపోతే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసులో చూశాం. 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేశారు, కమిటీ విచారించింది, అధ్యాపకుణ్ణి తొలగించారు. విచారణ హడావిడిగా జరిపి ఆయనకు తగిన అవకాశం ఇవ్వలేదని 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, విషయాన్ని తిరిగి కమిటీకి పంపింది. పద్నాలుగేళ్లు! ఆ విద్యార్థినుల జీవితాలు ఈలోగా ఎక్కడికి వెళ్లాయో ఊహించుకోండి. అదే తీర్పులో కమిటీలు అసలు ఏర్పడ్డాయో లేదో తనిఖీ చేయమనీ, సభ్యులకు శిక్షణ ఇవ్వమనీ కోర్టు ఆదేశించింది. శిక్షణకు మనల్ని పిలవమని అడిగే అధికారం మనకు అక్కడుంది.

ఉపన్యాసాలు మానేయమని కాదు. ఆహ్వానం వచ్చినప్పుడే, ఒప్పుకునే ముందు, కొన్ని కాగితాలు అడుగుదాం. కమిటీ సభ్యుల ప్రస్తుత జాబితా, ఫోన్ నంబర్లు. నిరుడు చట్టప్రకారం జిల్లా అధికారికి పంపిన వార్షిక నివేదిక నకలు. విద్యార్థి సభ్యుల ఎన్నిక ఎప్పుడు జరిగిందన్న సమాచారం. ఇవి లేకపోతే ఉపన్యాసానికి బదులు ముందు కమిటీతో ఒక సమావేశం పెట్టమందాం. ఉపన్యాసం పెట్టినా కమిటీ సభ్యులు తెర మీదికి వచ్చి తమ పేర్లు తామే చెప్పాలి, అమ్మాయిలు వాళ్ల ముఖాలు చూడాలి. ఊడ్చేవాళ్లను, క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లను, హాస్టల్ వంటమనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి పెద్ద తెర మీద చూపించాలి. వాళ్ల ఫోన్లకు లింకు పంపి ఊరుకుంటే కుదరదు. ఏడాదికి ఒక్కసారైనా మనలో ఒకరు మనిషిగా వెళ్లాలి, సభ అయ్యాక ఓ గంట మెట్ల దగ్గర ఉండాలి.

ఇలా అడిగితే ఆహ్వానాలు తగ్గుతాయని ఒక మిత్రురాలు నిన్న రాత్రి వాదించింది. మనం కాకపోతే మోటివేషన్ స్పీకర్లు వెళ్తారు, అమ్మాయిలకు దుస్తుల గురించి నీతులు చెప్పి వస్తారు, ఆ స్థలం వదులుకుంటామా అంది. ఆమె మాటలో నిజం ఉంది. నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. అయితే ఒక్కొక్కరం విడిగా అడిగితే కాలేజీ మరొకరిని వెతుక్కుంటుంది, పది సంస్థలం ఒకే కాగితం పంపితే వెతుక్కోవడం కష్టమవుతుంది. ఆ కాగితం ముసాయిదా రాసి తెచ్చాను, ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. రికార్డింగ్ షరతు దగ్గర నాకూ ఇద్దరు న్యాయవాది మిత్రులకూ మాట కలవలేదు, అక్కడ ఖాళీ వదిలాను. భోజనాలయ్యాక అందరం కూర్చుని అక్కడి నుంచి మొదలుపెడదాం.