చిత్తం, వృత్తి, సంస్కారం

పతంజలి యోగసూత్రాలు నాలుగు పాదాల్లో 195. వాటిలో ఆసనాన్ని నేరుగా చెప్పేవి మూడే, సింహభాగం చిత్తానిది. సింగపూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా నేడు యోగమంటే దేహవ్యాయామమనే భావన బలపడింది. గ్రంథం తెరిస్తే కనిపించేది మనశ్శాస్త్రం. షికాగో వెళుతూ 1893లో సింగపూర్‌లో ఆగిన వివేకానందుడు, మూడేళ్ల తర్వాత ‘రాజయోగం’లో ఈ సూత్రాలను ఆ దృష్టితోనే వ్యాఖ్యానించాడు. 1928 నుంచి రామకృష్ణ మిషన్ సింగపూర్‌లో ఉంది.

చిత్తవృత్తులు, అంటే చిత్తంలో లేచే కదలికలు, ఐదు: ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి. నిద్రను కూడా వృత్తిగా ఎంచడం విశేషం. హాయిగా నిద్రపట్టిందని లేచాక గుర్తుంటోందంటే నిద్రలో ఏదో అనుభవం ఉండి తీరాలని ఈ సూత్రాలకు వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం వాదన. వృత్తి గడిచిపోయినా దాని సంస్కారం, అంటే ముద్ర, మిగులుతుంది. ఆ సంస్కారమే అలాంటి వృత్తిని మళ్లీ పుట్టిస్తుంది. అలవాట్లూ వ్యసనాలూ ఈ చక్రంలోనివే.

చక్రాన్ని తిప్పేవి క్లేశాలు, అంటే చిత్తాన్ని బాధించే దోషాలు: అవిద్య, అస్మిత (‘నేను’ అనే భావం), రాగం, ద్వేషం, అభినివేశం. అవిద్య తక్కిన నాలుగింటికీ క్షేత్రం. మృత్యుభయమైన అభినివేశం పండితుణ్నీ వదలదని పతంజలి నిర్మొహమాటంగా అంటాడు. అవిద్య కాక తక్కిన ఈ నాలుగింటికీ నాలుగు దశలు: ప్రసుప్తం (నిద్రాణం), తనువు (పలచబడినది), విచ్ఛిన్నం (మధ్యలో తెగినది), ఉదారం (పూర్తిగా పైకి వచ్చినది). అనురాగం ప్రబలినప్పుడు కోపం కనబడదు. అంతమాత్రాన అది పోయినట్టు కాదు, విచ్ఛిన్నమై వేచి ఉంటుంది. పైకి లేని భావం లోపల బతికే ఉంటుందని ఇంత నిశితంగా గుర్తించడం ఈ సంప్రదాయపు గొప్ప విజయాల్లో ఒకటి.

తర్కప్రధానమైన న్యాయదర్శనం మరో దారిలో నడిచింది. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో మనసును పరమాణురూపమన్నాడు. మనసు అంత సూక్ష్మం కనుకనే ఒకేసారి రెండు జ్ఞానాలు కలగవని నైయాయికుల నిర్ణయం. అవధానం ఎందుకు పరిమితమన్న ప్రశ్నకు అది సమాధానం.

చిత్తం చెదిరినప్పుడు దుఃఖం, దౌర్మనస్యం, ఒళ్లు వణకడం, ఊపిరి తడబడటం కలుగుతాయని యోగసూత్రాలు చెబుతాయి. చికిత్సలో మూలమైనవి అభ్యాసం, వైరాగ్యం. హింస వంటి తలపులు బాధిస్తే వాటికి ఎదురైన భావనను పెంచుకోవాలి. సుఖంగా ఉన్నవారిపై మైత్రి, దుఃఖితులపై కరుణ, పుణ్యాత్ములను చూసి ముదిత, పాపులపై ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం ప్రసన్నమవుతుంది. మనశ్శాంతిని ఏకాంతానికి వదిలేయకుండా ఇతరులను చూసే తీరుతో ముడిపెట్టిన ఈ బోధ, పోటీ మధ్య బతికే మహానగరవాసికి అన్నిటికన్నా అవసరమైనది.

ఈ భావనలను విశ్వవిద్యాలయాలకు తెచ్చినవారిలో కోనేరు రామకృష్ణారావు ముఖ్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన సహసంపాదకుడిగా 2008లో భారతీయ మనశ్శాస్త్రంపై ఒక కరదీపిక వెలువడింది. చైతన్యం వేరు, మనసు వేరు అన్న భేదం ఆయన రచనలకు కేంద్రం. యోగమతంలోనూ ఈ భేదమే ఉంది: చిత్తం జడం, ప్రకృతి పరిణామం. దాన్ని వెలిగించేది చైతన్యమైన పురుషుడు. వృత్తులు నిరుద్ధమైనప్పుడు ఆ ద్రష్ట తన స్వరూపంలో నిలుస్తాడు. నిరుద్ధం కానప్పుడు వృత్తినే తానని భ్రమిస్తాడు.