గేదెకు లెక్కపెట్టిన నెలలు

(వ్యవసాయ కూలీ స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి మాట్లాడాల్సిన చోట ఏనుగుతో మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఏనుగు దాదాపు 22 నెలలు మోస్తుంది. చిట్టెలుకకు 20 రోజులు చాలు. మేకకు 5 నెలలు, ఆవుకు మనలాగే తొమ్మిది నెలల పైచిలుకు, గేదెకు సుమారు 310 రోజులు. ఇవి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. పెద్ద ఒంటికి ఎక్కువ కాలం అన్నది స్థూలంగా నిజమే. కానీ పిల్ల ఏ స్థితిలో పుడుతుందన్నది కూడా చూడాలి. కుందేలు నెల రోజులకే కళ్ళు తెరవని, బొచ్చులేని పిల్లల్ని బొరియలో ఈనుతుంది. గేదె దూడ కాసేపటికే లేచి పొదుగు వెతుక్కుంటుంది.

మరి మనిషి బిడ్డ? తొమ్మిది నెలలు మోసినా మెడ నిలపదు. మనిషి నిటారుగా నడవడం వల్ల స్త్రీ కటి ఇరుకైంది, బిడ్డ తల పెద్దదైంది, అందుకే ముందుగా కనాల్సి వస్తోందని చాలాకాలం చెప్పారు. 1960లో అమెరికన్ మానవశాస్త్రవేత్త షెర్వుడ్ వాష్‌బర్న్ ఈ వాదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. (లోపం ఎక్కడ వెతికినా చివరికి స్త్రీ శరీరం దగ్గరే తేలడం మనకు కొత్త కాదు.) 2012లో హోలీ డన్స్‌వర్త్, ఆమె సహచరులు దీన్ని ప్రశ్నించారు. తల్లి బరువుతో పోల్చి చూస్తే మన గర్భకాలం చింపాంజీ, గొరిల్లాల కంటే తక్కువేమీ కాదన్నారు. గర్భిణి శరీరం ఖర్చుచేయగల శక్తికి ఒక హద్దుంది. అది విశ్రాంతిలో ఖర్చయ్యేదానికి సుమారు రెండు రెట్లు. తొమ్మిదో నెలకు బిడ్డ అవసరం ఆ హద్దును తాకుతుంది, అప్పుడు కాన్పు వస్తుందని వారి వాదన. చర్చ ఇంకా తెగలేదు. నాకు మాత్రం ఇది నచ్చింది. ఎముకను వదిలి తిండినీ పనినీ లెక్కలోకి తెచ్చింది కదా!

నాట్లకు వంగే స్త్రీ ఆ హద్దులోంచే నాట్లకూ, నీళ్ళ బిందెకూ కూడా శక్తి తీయాలి. సర్వేకు వెళ్ళిన ఒక ఊళ్ళో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె కలిసింది. ఆ ఇంట్లో గేదె కూడా చూడిదే. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపేశారు, తవుడు, తెలగపిండి పెంచారు. పశువైద్యులు చెప్పేదీ అదే. గేదె నెలలు తన భర్త గోడమీద గీతలు గీసి లెక్కపెడుతున్నాడని ఆమె నవ్వుతూ చెప్పింది. తన నెలలు అడిగితే వేళ్ళు మడిచి చూసుకుంది. ఆ రోజు కూడా నాటుకు వెళ్ళి వచ్చింది.

ఆ ఇంటిని నిందించడానికి చెప్పడం లేదు. గేదెకు విశ్రాంతినిస్తే ఈనిన తర్వాత పాలు బాగా వస్తాయి. ఈమె మానేస్తే ఆ రోజు కూలి పోయినట్టే, ఎవరూ తిరిగి ఇవ్వరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచారు. పొలానికి హాజరు పట్టీ ఎక్కడిది? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో కేంద్రం మాతృ వందన పథకం తెచ్చి దాన్ని 5,000 చేసింది, అదీ అప్పట్లో మొదటి కాన్పుకే. గేదెకిచ్చిన ఆ 60 రోజులకు 5,000ను పంచితే రోజుకు 83 రూపాయలు. మీ ఊళ్ళలో నాటు కూలి ఎంతో మీరే చెప్పండి, ఇక్కడినుంచి చర్చ మొదలుపెడదాం.